కమాండ్ లైన్ ప్రోగ్రాములో రంగులు: తెరపై బాగున్నది మెయిల్లో ఎందుకు చెడిపోతుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా రాస్తాను. బ్యాకప్‌లు సరిగా జరిగాయో లేదో చూసే ఒక పైథాన్ ప్రోగ్రాము రాశారు. విఫలమైనవి ఎరుపులో, హెచ్చరికలు పసుపులో, సవ్యంగా ఉన్నవి ఆకుపచ్చలో వచ్చేలా ప్రింట్ వాక్యాల్లోనే రంగు కోడ్‌లు చేర్చారు. మీ తెరపై అంతా బాగానే ఉంది గానీ, రాత్రిపూట క్రాన్ (నిర్ణీత వేళకు ప్రోగ్రాములను తనంతట తానే నడిపే సాధనం) నడిపి పంపే మెయిల్లో ప్రతి వరుసకూ ముందూ వెనకా చదరపు బ్రాకెట్టు, 31, ఎమ్ లాంటి పనికిరాని అక్షరాలు వస్తున్నాయి. తెల్లని నేపథ్యం వాడే మీ సహోద్యోగికి పసుపు వరుసలు కనిపించడం లేదు. పట్టికలో నిలువు వరుసలు కూడా వంకరపోతున్నాయి. దీనికంతటికీ ఏదైనా లైబ్రరీ తెచ్చుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, లైబ్రరీ మీకు తప్పనిసరి కాదు. రంగు వెయ్యాలా వద్దా అన్నది ప్రోగ్రాము మొదట్లో ఒక్కచోట తేల్చుకోండి. అవతల నిజంగా టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసి ఫలితాలు చూసే తెర, ఉన్నప్పుడే వెయ్యండి. వాడేవారు వద్దంటే మానుకోండి. రంగు పూర్తిగా తీసేసినా ప్రతి వరుసా అర్థమయ్యేలా రాయండి. మీరు చెప్పిన ఇబ్బందుల్లో మొదటి రెండూ దీనితోనే చాలావరకు తీరిపోతాయి. పట్టిక సంగతి వేరు, దాన్ని తర్వాత చూద్దాం.

రంగు ఎలా వస్తుందో తెలిస్తే మెయిల్లో వచ్చే చెత్త ఏమిటో తెలుస్తుంది. టెర్మినల్‌కు రంగు సమాచారం పంపడానికి వేరే దారి ఏదీ లేదు. అక్షరాలు వెళ్లే దారిలోనే ఆజ్ఞలూ వెళ్తాయి. దశాంశంలో 27, అష్టాంశంలో 033 విలువ గల ఎస్కేప్ అక్షరం, దాని వెనక తెరిచిన చదరపు బ్రాకెట్టు, ఆపైన సంఖ్యలు, చివర చిన్న ఎమ్ వస్తే, టెర్మినల్ దాన్ని అచ్చు వేయకుండా ‘ఇకపై వచ్చే అక్షరాలకు ఈ రూపం’ అని తీసుకుంటుంది. 30 నుంచి 37 వరకు అక్షరాల రంగులు, 40 నుంచి 47 వరకు నేపథ్యాలు, 1 అంటే బొద్దు, 4 అంటే కింద గీత, 7 అంటే రంగుల తారుమారు, 39 అంటే టెర్మినల్ సొంత అక్షరాల రంగుకు తిరిగిరావడం, 0 అంటే అన్నీ రద్దు. ఈ పద్ధతి 1976లో వెలువడిన ఎక్మా-48 ప్రమాణం నుంచి, ఆ తర్వాతి ఆన్సీ ప్రమాణం నుంచి వచ్చింది. 1978లో వచ్చిన డెక్ కంపెనీ వీటీ100 టెర్మినల్ వల్ల ఈ సంకేతాల పద్ధతి బాగా వ్యాపించింది. ఆ వీటీ100లో మాత్రం రంగులు లేవు; అది ఏకవర్ణపు తెర. 90 నుంచి 97 వరకు ఉన్న ‘ప్రకాశవంతమైన’ రంగులు ఆ ప్రమాణంలోవి కావు, తర్వాత టెర్మినళ్లు తమంతట తాము చేర్చుకున్నవి.

కాబట్టి మీ ప్రోగ్రాము ఎస్కేప్ అక్షరాన్ని ఫైల్లోకి రాస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది, మెయిల్లోకి రాస్తే మెయిల్లో ఉండిపోతుంది. అక్కడ దాన్ని ఆజ్ఞగా చదివేవారు ఎవరూ లేరు. ఎస్కేప్ అక్షరం కంటికి కనబడదు కనుక మిగిలిన బ్రాకెట్టూ సంఖ్యలే మీకు చెత్తలా కనిపిస్తున్నాయి.

అవతల టెర్మినల్ ఉందో లేదో తెలుసుకోవడానికి యూనిక్స్ కుటుంబంలో చాలాకాలంగా ఉన్న సాధనం ఈజ్‌ఏటీటీవై. పైథాన్‌లో సిస్ మాడ్యూలులోని ఎస్‌టీడీఅవుట్ వస్తువుకు ఇదే పేరుతో మెథడ్ ఉంది; షెల్ స్క్రిప్టులో అయితే టెస్ట్ కమాండుకు హైఫన్ టీ, ఆపైన 1 ఇస్తే చాలు. క్రాన్ కింద, పైప్ (ఒక ప్రోగ్రాము ఫలితాన్ని ఇంకొకదానికి అందించే దారి) ముందు, ఫైల్లోకి మళ్లించినప్పుడు ఇది లేదనే చెబుతుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్, మాటలు వెతికే గ్రెప్ ఆదేశాల్లో రంగుకు ‘ఆటో’ అనే విలువ ఉండేది ఇందుకే. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ కూడా 1.8.4 వెర్షన్ నుంచి ఈ ఆటో పద్ధతినే తన సహజ స్థితిగా పెట్టుకుంది.

అయితే ఈ ఒక్క పరీక్షతో ఆగిపోవద్దు. నేను రాసే ప్రోగ్రాముల్లో పాటించే వరుస ఇది. అన్నిటికంటే ముందు, ఆదేశంతోపాటు ఇచ్చిన ఆప్షన్: రంగు ఎప్పుడూ, ఎన్నడూ, ఆటో అని మూడు విలువలు పెడతాను. వాడేవారు అక్కడ స్పష్టంగా చెబితే ఇంకేదీ చూడను. అలా చెప్పకపోతే నో_కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (ప్రోగ్రాముకు బయట, సిస్టంలో పెట్టే విలువ) చూస్తాను. 2017లో మొదలైన ఈ ఒప్పందం ప్రకారం, ఆ వేరియబుల్ ఉండి, ఖాళీగా లేకపోతే, దాని విలువ ఏదైనా సరే రంగు వెయ్యకూడదు. అందులో 0 అని రాసి ఉన్నా వద్దనే అర్థం. చాలామంది ఇక్కడ విలువను పోల్చి చూస్తారు, అది అవసరం లేదు. దాని తర్వాత రంగు తప్పక వెయ్యమని చెప్పే ఫోర్స్_కలర్, ఆ తర్వాత టర్మ్ వేరియబుల్ విలువ ‘డంబ్’ (ఈ సంకేతాలు తెలియని టెర్మినల్) అని ఉందా అన్నది, చివరికి ఈజ్‌ఏటీటీవై. ఈ పేర్లన్నీ అసలులో ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంటాయని గుర్తుంచుకోండి. పైథాన్ కూడా 3.13 నుంచి తన ట్రేస్‌బ్యాక్‌లను (తప్పు ఎక్కడ జరిగిందో చూపే నివేదికలను) రంగుల్లో చూపుతూ నో_కలర్‌నూ ఫోర్స్_కలర్‌నూ గౌరవిస్తోంది. అందువల్ల మీ ప్రోగ్రాము ఒకలా, దాన్ని నడిపే పైథాన్ మరొకలా ప్రవర్తించకుండా ఉండాలన్నా ఈ పేర్లనే వాడటం మేలు.

ఫోర్స్_కలర్ ఎందుకు కావాలని మీరు అడగవచ్చు. టెర్మినల్ కాకపోయినా రంగును చూపగల చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రోగ్రాములను తన సర్వర్లలో నడిపిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్‌లో మీ ప్రోగ్రాముకు టెర్మినల్ ఉండదు, కానీ అక్కడి లాగ్ పేజీ ఈ సంకేతాలను చదివి రంగుల్లోనే చూపుతుంది. అలాగే పొడవైన పాఠాన్ని పేజీలుగా చూపే లెస్‌లోకి పైప్ చేసి, దానికి పెద్ద ఆర్ ఆప్షన్ ఇచ్చి చదివేవారికి కూడా రంగు కావాలి. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అవతలి సర్వరులో ఒక్క ఆదేశం నడిపితే అక్కడ టెర్మినల్ ఏర్పడదు, రంగు పోతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు చిన్న టీ ఆప్షన్ ఇస్తే వస్తుంది. ఇందుకు భిన్నమైన సందర్భం కూడా ఉంది: ప్రోగ్రాములను విడి పెట్టెల్లో ఉంచి నడిపే డాకర్‌ను టీ ఆప్షన్‌తో నడిపితే లోపలి ప్రోగ్రాముకు టెర్మినల్ ఉన్నట్టే తోస్తుంది గానీ, బయట ఆ మాటలన్నీ లాగ్ ఫైల్లోకే పోతుంటాయి. ఈజ్‌ఏటీటీవై ఇచ్చే జవాబు మంచి ఊహ మాత్రమే. ఆ ఊహ తప్పిన రోజు దాన్ని కాదనే వీలు మనిషికి ఉండాలి, ఆప్షన్లూ వేరియబుళ్లూ అందుకే.

ఇంకొక విషయాన్ని కొత్తగా రాసేవారు తరచుగా వదిలేస్తారు. సాధారణ అవుట్‌పుట్‌కూ ఎర్రర్ అవుట్‌పుట్‌కూ ఈ పరీక్ష విడివిడిగా చెయ్యాలి. ఫలితాలను ఫైల్లోకి మళ్లించి, తప్పులను మాత్రం తెరపై చూసుకోవడం రోజూ జరిగే పని. ఒక్కదాన్నే పరీక్షించి రెండింటికీ వర్తింపజేస్తే, తెరపై రావలసిన రంగు పోతుంది, లేదా ఫైల్లో రాకూడని సంకేతాలు చేరతాయి.

ఫైల్లో కనబడే చెత్త చూడటానికి చికాకు, అంతకంటే పెద్దది కాదు. నన్ను ఎక్కువ జాగ్రత్తపరుడిగా చేసింది కనబడని చెత్త. ఒకచోట డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ను సర్వర్లలో పెట్టే) ప్రోగ్రాము ఇచ్చే ఫలితాన్ని ఇంకొక షెల్ స్క్రిప్టు గ్రెప్‌తో వెతికేది. వరుస ‘ఎర్రర్’ అనే మాటతో మొదలైతే డిప్లాయ్‌మెంట్‌ను ఆపెయ్యాలి. మధ్యలో ఎవరో లాగ్ పేజీలో అందంగా కనబడాలని రంగును బలవంతంగా ఆన్ చేశారు. అప్పటినుంచి ఆ వరుసలు ఎస్కేప్ అక్షరంతో మొదలయ్యేవి కనుక గ్రెప్‌కు దొరకలేదు, ఆగవలసిన పని ఆగలేదు. తెరపై చూసినవారికి మాత్రం వరుస ‘ఎర్రర్’తోనే మొదలైనట్టు కనిపించేది! అందువల్ల ఇంకొక ప్రోగ్రాము చదువుకోవలసిన అవుట్‌పుట్ ఉంటే, దానికి ప్రోగ్రాములు సులభంగా చదివే జేసన్ లాంటి వేరే రూపం ఇవ్వండి, ఆ రూపంలో ఏ ఆప్షన్ ఇచ్చినా రంగు రాకుండా చూడండి.

ఇక రంగుల ఎంపిక. మీ సహోద్యోగికి పసుపు కనబడకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. 30 నుంచి 37 వరకు ఉన్న సంఖ్యలు నిజానికి రంగులు కావు, రంగుల స్థానాలు. ఏ స్థానంలో ఏ ఛాయ ఉండాలో ఎవరి టెర్మినల్ థీమ్ వారికి నిర్ణయిస్తుంది. నల్లని నేపథ్యంపై 34, అంటే నీలం, చాలా టెర్మినళ్లలో చదవడానికి కష్టం; విండోస్ కన్సోల్ 2017లో తన పాత రంగుల పట్టికను మార్చుకోవడానికి ముఖ్య కారణాల్లో ఈ ముదురు నీలం ఒకటి. సోలరైజ్డ్ అనే ప్రసిద్ధ థీమ్ ప్రకాశవంతమైన రంగుల స్థానాల్లో చాలావాటిని బూడిద ఛాయలకు వాడుకుంటుంది, కనుక మీరు ‘ప్రకాశవంతమైన ఆకుపచ్చ’ అని 92 పంపితే అక్కడ బూడిద రంగు కనబడుతుంది. కొన్ని టెర్మినళ్లు బొద్దు అక్షరాలను అడగకుండానే ప్రకాశవంతమైన రంగులోకి మారుస్తాయి.

అలాంటప్పుడు 256 రంగులకో, పూర్తి రంగులకో వెళ్తే పోదా అనిపిస్తుంది. 38, 5 అని చెప్పి తర్వాత సంఖ్య ఇస్తే 256 రంగుల పట్టిక అందుతుంది. అందులో మొదటి 16 థీమ్‌వే, 16 నుంచి 231 వరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు ఆరేసి మెట్లున్న (6×6×6) రంగుల ఘనం, 232 నుంచి 255 వరకు బూడిద మెట్లు. 38, 2 అని చెప్పి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు ఇస్తే కోరుకున్న ఛాయ ఏదైనా వస్తుంది. కానీ ఛాయను మీరు ఖాయం చేస్తున్నారు, దాని వెనక ఉన్న నేపథ్యం మాత్రం మీకు తెలియదు. మొదటి 16లో కనీసం వాడేవారు తమ థీమ్ మార్చుకుని బాగుచేసుకోగలరు. మీరు ఖాయం చేసిన ఛాయను వారేమీ చేయలేరు. పైగా పూర్తి రంగులు అన్నిచోట్లా లేవు. మ్యాక్‌తో వచ్చే టెర్మినల్ చాలా ఏళ్లపాటు 256 దగ్గరే ఆగిపోయింది. గ్రాఫులు గీసే ప్రోగ్రాముకైతే సరే గానీ, బ్యాకప్ నివేదికకు మొదటి ఎనిమిదే చాలునని నా అభిప్రాయం.

ఆ ఎనిమిదిలో కూడా నేను వాడేవి తక్కువ. తప్పుకు ఎరుపు, హెచ్చరికకు పసుపు లేదా మెజెంటా, శీర్షికలకు రంగు లేకుండా బొద్దు. జీసీసీ అనే కంపైలర్ హెచ్చరికలకు మెజెంటా వాడుతుంది, తెల్లని నేపథ్యం మీద అది పసుపుకంటే ఎంతో నయం. వరుసంతటికీ రంగు పులమకుండా ‘ఎర్రర్’ లాంటి ఒక్క మాటకే వేయడం కూడా జీసీసీ దగ్గర నేర్చుకోదగ్గది. అప్పుడు రంగు కనబడకపోయినా పోయేది ఒక్క మాటే, ఫైలు పేరూ వివరమూ సహజమైన రంగులో చదువుకోవచ్చు. తప్పనిసరిగా పసుపే కావాలంటే దాన్ని మాటకు కాకుండా నేపథ్యానికి వేసి, అక్షరాలకు నలుపు పెట్టండి. రెండూ మీరే చెబుతున్నారు కనుక దాదాపు ఏ తెరపైనైనా చదవవచ్చు. ఆకుపచ్చ విషయంలో నా మాట కొందరికి నచ్చదు: సవ్యంగా ఉన్నవాటికి అసలు రంగే వద్దు. రెండువందల బ్యాకప్‌లలో మూడు విఫలమైతే చూసేవారికి కావలసింది ఆ మూడే. మిగిలినవన్నీ ఆకుపచ్చగా మెరుస్తుంటే ఎరుపు వాటిలో కలిసిపోతుంది, ముఖ్యంగా ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారికి. ఉత్తర యూరప్ మూలాలున్న పురుషుల్లో ఇలాంటివారు ప్రతి 12 మందిలో ఒకరని చెబుతారు; మన దగ్గర ఆ నిష్పత్తి తక్కువే అయినా ఒక మోస్తరు కార్యాలయంలో ఒకరిద్దరు ఉంటారు, చాలామంది బయటకు చెప్పరు. మార్పులు చూపే గిట్ డిఫ్ ఎరుపు, ఆకుపచ్చలనే వాడినా ఎవరికీ ఇబ్బంది లేకపోవడానికి కారణం, వరుస మొదట్లో ఉండే కూడిక, తీసివేత గుర్తులే. మీ నివేదికలోనూ ప్రతి వరుస మొదట్లో ‘సరే’, ‘హెచ్చరిక’, ‘విఫలం’ అని మాట ఉండాలి.

మీ పట్టిక వంకర కావడానికి కారణం సులభం. వెడల్పు సరిచేసే ఫార్మాటింగ్ ఆదేశం ఎస్కేప్ సంకేతాలను కూడా అక్షరాలుగా లెక్కవేస్తుంది. ఎరుపు మొదలుపెట్టే సంకేతం ఐదు అక్షరాలు, రద్దుచేసేది నాలుగు; ‘పది అక్షరాల వెడల్పు’ అన్నచోట తొమ్మిది వాటికే పోతాయి. ముందు ఖాళీలు చేర్చి వెడల్పు సరిచేయండి, ఆ తర్వాతే రంగు చుట్టండి. షెల్ ప్రాంప్టులో రంగులు పెట్టుకున్నవారికి పొడవైన ఆదేశం టైప్ చేసినప్పుడు వరుస దానిమీద అదే ఎక్కే జబ్బు కూడా ఇదే. బ్యాష్‌లో అయితే ప్రాంప్టులోని కనబడని సంకేతాలను వెనుగీత, చదరపు బ్రాకెట్ల జంట మధ్య పెడితే బ్యాష్ వాటిని వెడల్పులో లెక్కించదు.

ఫోల్డర్ల పేర్లు కొన్ని తెలుగులో ఉన్నాయని మీరు రాశారు కనుక ఒక మాట. అక్కడ రంగు తీసేసినా పట్టిక పూర్తిగా కుదరదు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరం, పొడవు లెక్కించే పైథాన్ లెన్‌కు ఆరు; టెర్మినల్ దానికి ఎన్ని గడులు ఇస్తుందో టెర్మినల్‌ను బట్టి మారుతుంది. డబ్ల్యూసీవిడ్త్ అనే పైథాన్ ప్యాకేజీ కొంత మేలు చేస్తుంది గానీ, నేనైతే తెలుగు పేర్లున్న నిలువు వరుసను పట్టికలో చివరికి జరిపేస్తాను. దాని కుడివైపు ఏమీ లేకపోతే వంకరపోయేదీ ఉండదు. పేరులో వెతికిన భాగానికి మాత్రమే రంగు వేయాలనుకుంటే, అక్షరానికీ దాని గుణింతానికీ, ఒత్తుకూ మధ్యలో సంకేతం పడకుండా చూసుకోండి.

రద్దు సంకేతాన్ని వరుస చివర, కొత్త వరుస గుర్తుకు ముందే పెట్టండి. తర్వాత పెడితే, నేపథ్యపు రంగు వాడినప్పుడు తెర పైకి జరిగేటప్పుడు కింది వరుసంతా ఆ రంగుతో నిండిపోవచ్చు. రంగు ఒక వరుసలో మొదలై ఇంకొక వరుసలో ముగియకూడదు; హెడ్, గ్రెప్ లాంటివి వరుసలను కోసేస్తాయి, రద్దు సంకేతం ఉన్న వరుస కోతలో పోతే అవతలి టెర్మినలంతా ఎర్రబడి కూర్చుంటుంది. ఒక్కో వరుసను సంకేతాలతో సహా ఒకేసారి రాసే అలవాటు ఉంటే, మధ్యలో కంట్రోల్ సీ నొక్కినా ఇలాంటి అవస్థ అరుదు.

బ్యాకప్ ప్రోగ్రాము ఇతరులు పెట్టిన ఫైళ్ల పేర్లను చూపుతుంది కనుక ఇంకొక జాగ్రత్త. ఫైలు పేరులో ఎస్కేప్ అక్షరం ఉండటానికి లైనక్స్‌లో అడ్డేమీ లేదు. అలాంటి పేరును యథాతథంగా ప్రింట్ చేస్తే, అది తెరను చెరిపేసే ఆజ్ఞ కావచ్చు, ‘విఫలం’ అన్న వరుస మీద ‘సరే’ అని రాసే ఆజ్ఞ కూడా కావచ్చు. బయటినుంచి వచ్చిన ప్రతి పేరులోనూ నియంత్రణ అక్షరాలను ప్రశ్నార్థకంగానో, కంటికి కనబడే మరో రూపంలోనో మార్చి, ఆ తర్వాతే మీ రంగు చేర్చండి.

విండోస్ గురించి క్లుప్తంగా. విండోస్ 10 తొలినాళ్ల నవీకరణల నుంచి అక్కడి కన్సోల్ కూడా ఈ సంకేతాలను చదవగలదు, కాకపోతే పాత కన్సోల్‌లో ‘వర్చువల్ టెర్మినల్ ప్రాసెసింగ్’ అనే స్థితిని ప్రోగ్రామే ఆన్ చెయ్యాలి. విండోస్ టెర్మినల్‌లో సాధారణంగా ఇబ్బంది రాదు. పైథాన్‌లో కలరామా అనే చిన్న ప్యాకేజీ ఈ పని చేసిపెడుతుంది. మీ ప్రోగ్రాము లైనక్స్ సర్వర్లమీదే నడుస్తుందంటే అదీ అక్కరలేదు.

లైబ్రరీ విషయానికి వస్తే, మీకు కావలసింది రెండు మూడు రంగులూ ఒక బొద్దూ. పాఠాన్నీ పాత్రనూ తీసుకుని, రంగు ఆన్‌లో ఉంటే సంకేతాలు చుట్టి, లేకపోతే ఉన్నదున్నట్టు తిరిగి ఇచ్చే ఒక్క ఫంక్షన్ పది వరుసల్లో అయిపోతుంది. ఆ ఫంక్షనుకు ‘ఎరుపు’ అని కాకుండా ‘విఫలం’, ‘హెచ్చరిక’ అని పాత్రల పేర్లే ఇవ్వండి; రేపు పసుపును మెజెంటాగా మార్చాలంటే ఒక్కచోటే మారుస్తారు. ప్రింట్ వాక్యాల్లో ఎక్కడా నేరుగా 033 కనబడకూడదు. పట్టికలు, ప్రగతి పట్టీలు, వెడల్పును బట్టి వరుసలు మడవడం కూడా కావాలనుకున్న రోజు రిచ్ ప్యాకేజీకి వెళ్లండి, అది ఈ పనులన్నీ బాగా చేస్తుంది. షెల్ స్క్రిప్టుల్లో మాత్రం సంకేతాలను చేత్తో రాయకుండా టీపుట్ ఆదేశానికి సెటాఎఫ్ 1 అని ఇచ్చి ఎరుపును, ఎస్‌జీఆర్0 అని ఇచ్చి రద్దును అడగండి. ఆ టెర్మినల్‌కు ఏది తగునో టర్మిన్ఫో (టెర్మినళ్ల సామర్థ్యాల జాబితా) సమాచారం చూసి అదే ఇస్తుంది.

మార్పులు చేశాక ఇలా సరిచూడండి. ప్రోగ్రామును, అందిన పాఠాన్ని అలాగే చూపే క్యాట్‌లోకి పైప్ చేస్తే రంగు పోవాలి. అదే పైప్‌లో రంగు ఆప్షన్‌ను ‘ఎప్పుడూ’ అని పెడితే తిరిగి రావాలి. నో_కలర్ పెట్టి మామూలు తెరపై నడిపితే రంగు పోవాలి, పట్టిక మాత్రం కదలకూడదు. ఎర్రర్ అవుట్‌పుట్‌ను ఒక్కదాన్నే ఫైల్లోకి మళ్లించి, ఆ ఫైలును క్యాట్ హైఫన్ వీ ద్వారా చూడండి. ఎస్కేప్ అక్షరం ఎక్కడైనా మిగిలి ఉంటే అది టోపీ గుర్తు, చదరపు బ్రాకెట్టు జంటగా బయటపడుతుంది. చివరగా తెల్లని థీమ్‌కు మారి ఒకసారి, నల్లని థీమ్‌లో ఒకసారి నడిపి చూడండి. పాత మెయిళ్లలోనూ లాగ్ ఫైళ్లలోనూ ఇప్పటికే చేరిపోయినవాటిని పాఠాన్ని మార్చే సెడ్ ఆదేశంతో తీసెయ్యవచ్చు: ఎస్కేప్ అక్షరం, తెరిచిన చదరపు బ్రాకెట్టు, అంకెలూ సెమికోలన్లూ ఎన్నైనా, చివర చిన్న ఎమ్ ఉన్న నమూనాను ఖాళీతో మార్చమనండి. అసలు ఫైలుకు నకలు తీసుకున్నాకే ఆ పని మొదలుపెట్టండి.